కేబుల్ ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ నెమ్మదా? ఉన్నదే బాగుచేయించాలా, ఫైబర్‌కి మారాలా, 5జీ పెట్టించాలా

శనివారం పొద్దున తొమ్మిదింటికి నా సంగీతం క్లాసు మొదలవుతుంది. డాలస్ శివార్లలో మా ఇంట్లో నేను, తెర మీద ఆరుగురు పిల్లలు. వాళ్లు పాడుతుంటే ఎవరి శ్రుతి ఎక్కడ జారుతోందో నాకు స్పష్టంగా తెలిసేది. నేను పాడితే మాత్రం వాళ్లకి ముక్కలు ముక్కలుగా చేరేది. "ఆంటీ, మీరు 'మ ప' దగ్గర ఆగిపోయారు, మళ్లీ ఒకసారి పాడరా?" అని ఒక పాప ప్రతి వరసకీ అడిగేది. ఆదివారం తెనాలికి ఫోన్ చేస్తే నాన్నదీ అదే మాట: "అమ్మాయ్, నీ బొమ్మ కదలడం లేదు. మాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది."

లోపం తెనాలిలో ఉందనుకున్నాను. నాన్న నా మాట నమ్మి కేబుల్ అబ్బాయిని మూడుసార్లు పిలిపించారు, కొత్త రౌటర్ కూడా కొన్నారు. చివరికి మా బాబాయి కొడుకు కూర్చుని కొలిచి చెబితే తెలిసింది. తెనాలి ఇంట్లో ఫైబర్ లైనుకి రావడం (డౌన్‌లోడ్) 95, పోవడం (అప్‌లోడ్) 95 ఎంబీపీఎస్, అంటే సెకనుకి అన్ని మెగాబిట్లు. ఇక్కడ నాది రావడం 310, పోవడం 4.

అవతలివాళ్లు మీకు చక్కగా కనిపిస్తూ, మీరే వాళ్లకి ఆగి ఆగి కనిపిస్తుంటే, చూడాల్సింది మన ఇంటి నుంచి బయటికి పోయే దారినే. అమెరికాలో కేబుల్ కంపెనీ ఇంటర్నెట్ వాడుతున్న తెలుగు ఇళ్లలో ఈ ఇబ్బంది చాలామందికి ఉంది. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది డౌన్‌లోడ్ అంకె. మన ఉద్యోగం, మన క్లాసు, అమ్మానాన్నలతో మన మాట, ఇవన్నీ నడిచేది చిన్న అక్షరాల్లో ఉన్న అప్‌లోడ్ అంకె మీద.

## కేబుల్‌లో అప్‌లోడ్ ఎందుకింత తక్కువ

ఆ తీగ ఇంటర్నెట్ కోసం వేసింది కాదు, టీవీ కోసం వేసింది. టీవీ బొమ్మ ఇంట్లోకి రావాలి గానీ ఇంట్లోంచి పోవాల్సిన పని లేదు. అమెరికాలో టీవీ 2వ నంబరు చానల్ 54 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. దాని కింద మిగిలిన 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న జాగాని తిరుగుదారికి వదిలారు. 1997లో డాక్సిస్ అనే ప్రమాణంతో కేబుల్ మోడెమ్‌లు వచ్చినప్పుడు ఆ విభజన అలాగే ఉండిపోయింది. లెక్క చూడండి: రావడానికి 54 నుంచి దాదాపు 1000 మెగాహెర్ట్జ్ దాకా, పోవడానికి 37 మెగాహెర్ట్జ్. ఆ 37లోంచి వచ్చే అప్‌లోడ్ మొత్తం కలిపితే 100 ఎంబీపీఎస్ చుట్టుపక్కల ఉంటుంది. అది మీ ఒక్కరిది కాదు, మీ వీధిలో ఒకే నోడ్ (చుట్టుపక్కల ఇళ్ల తీగలన్నీ కలిసే కంపెనీ పెట్టె) మీద ఉన్న ఇళ్లన్నీ పంచుకోవాలి. అందుకే పాత పద్ధతిలో నడిచే ఊళ్లలో 300 ప్లానుకి 10, గిగాబిట్ ప్లానుకి 35 అప్‌లోడ్ మామూలు.

ఇంకో చిక్కు ఉంది. ఆ కింది జాగాలో బయటి రొద ఎక్కువగా చొరబడుతుంది. డౌన్‌లోడ్‌లో సంకేతం ఒక చోట నుంచి అన్ని ఇళ్లకీ చీలి వెళుతుంది. అప్‌లోడ్‌లో అన్ని ఇళ్ల రొదా ఒక చోటికి చేరుతుంది. వీధి చివర ఎవరింట్లోనో కనెక్టర్ వదులైనా ఆ రొద అందరి అప్‌లోడ్‌లోనూ కలుస్తుంది. మీ ఇంట్లో అంతా సవ్యంగానే ఉండి కూడా సాయంత్రాలు అప్‌లోడ్ పడిపోవడానికి ఇదొక కారణం.

## ఏమేం చూసి నిర్ణయించుకోవాలి

నిలకడగా వచ్చే అప్‌లోడ్. "అప్ టు" అన్న అంకె కాదు, రాత్రి ఎనిమిదింటికి వచ్చే అంకె. హెచ్‌డీ వీడియో కాల్ ఒక్కటికి 3 నుంచి 4 ఎంబీపీఎస్ పోతుంది. యూట్యూబ్‌లో 1080పి లైవ్ పెట్టాలంటే 5 నుంచి 10 కావాలి. ఇంటి చుట్టూ కెమెరాలుంటే ఒక్కోదానికి 2 వేసుకోండి. భార్యాభర్తలిద్దరూ మీటింగుల్లో, పిల్లవాడు క్లాసులో, బయట రెండు కెమెరాలు ఉన్నాయంటే 13 నుంచి 16 అయిపోయింది. 10 ప్లానులో అది ఇమడదు.

పెద్ద ఫైళ్లు పంపేవాళ్లకి ఈ పట్టిక ఉపయోగపడుతుంది. 10 గిగాబైట్ల వీడియో, అంటే పెళ్లి వీడియోలో ఒక భాగమో, పిల్లల డాన్సు రికార్డింగో, పైకి ఎక్కడానికి పట్టే సమయం:

| అప్‌లోడ్ వేగం | పట్టే సమయం |
|---|---|
| 5 ఎంబీపీఎస్ | 4 గంటల 27 నిమిషాలు |
| 10 ఎంబీపీఎస్ | 2 గంటల 13 నిమిషాలు |
| 20 ఎంబీపీఎస్ | గంటా 7 నిమిషాలు |
| 35 ఎంబీపీఎస్ | 38 నిమిషాలు |
| 100 ఎంబీపీఎస్ | 13 నిమిషాలు |
| 300 ఎంబీపీఎస్ | నాలుగున్నర నిమిషాలు |

లైను నిండినప్పుడు ఆలస్యం ఎంత. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ మాట తెగిపోవడానికి వేగం కంటే ఇదే ఎక్కువసార్లు కారణం. అప్‌లోడ్ నిండిపోతే పంపాల్సినవన్నీ మోడెమ్‌లో వరస కడతాయి. మామూలుగా 20 మిల్లీసెకన్లు ఉండే పింగ్ (కబురు వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) అర సెకను దాటుతుంది. పైగా డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది. ఎందుకంటే వచ్చిన డేటా కట్టలకి "అందింది" అని మనం జవాబు పంపాలి, ఆ జవాబులు కూడా అదే వరసలో చిక్కుకుంటాయి. ఇండియా నుంచి తిరిగొచ్చాక ఇల్లంతా నెట్ చచ్చుబడినట్టు అనిపించడం మీలో చాలామందికి అనుభవమే. ఫోన్లలో ఉన్న 60 గిగాబైట్ల ఫోటోలు, వీడియోలు బ్యాకప్ ఎక్కుతుంటాయి. 10 ఎంబీపీఎస్ మీద దానికి పదమూడు గంటలకు పైనే పడుతుంది, అంతసేపూ ఇంట్లో ఎవరికీ ఊపిరాడదు.

అసలు ఖర్చు. మొదటి ఏడాది ధర కాదు, ఆ తర్వాతి ధర చూడాలి. మోడెమ్ అద్దె, డేటా పరిమితి, మధ్యలో మానేస్తే కట్టే రుసుము కూడా కలపాలి. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి ప్లానుకీ ఆహార పొట్లాల మీద ఉండే పట్టీలాంటి లేబుల్ ఇవ్వాలని ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నియమం పెట్టింది. అందులో మామూలుగా వచ్చే అప్‌లోడ్ ఎంతో విడిగా రాసి ఉంటుంది. ప్లాను కొనే ముందు ఆ లేబుల్ తెరిచి, అప్‌లోడ్ గడి దగ్గర వేలు పెట్టి చదవండి.

ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటారు. ప్రాజెక్టు మారితే ఊరు మారాల్సిన వాళ్లకి రెండేళ్ల ఒప్పందం బరువే. అద్దె అపార్ట్‌మెంట్‌లో తీగ లాగించుకునే స్వేచ్ఛ కూడా ఉండదు.

బయటి నుంచి ఇంట్లోకి రావాలా. ఇంట్లోని సర్వరుకో, కెమెరా రికార్డరుకో బయటి నుంచి నేరుగా కలవాలంటే మీకంటూ పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ ఇంటి సొంత చిరునామా) ఉండాలి. 5జీ, శాటిలైట్ లైన్లలో చాలావరకు ఒకే ఐపీ ఎందరికో పంచుతారు. ఆ అవసరం లేనివాళ్లు ఈ మాట వదిలేయొచ్చు.

## మొదటి దారి: కంపెనీ మార్చక ముందు, ఉన్న లైనునే బాగుచేయించడం

దీనికి పెద్దగా ఖర్చు లేదు కాబట్టి ఎవరైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఇది చేయకుండా పై ప్లాను కొన్నవాళ్లు అదే అవస్థకి ఎక్కువ డబ్బు కడతారు.

వైఫై మీద కొలవకండి. రౌటర్‌తో పోలిస్తే ఫోను చాలా తక్కువ శక్తితో సంకేతం పంపుతుంది. అందుకని రౌటర్ మాట ఫోనుకి వినిపిస్తుంది గానీ ఫోను మాట రౌటర్‌కి సరిగా చేరదు, అప్‌లోడ్ ముందుగా దెబ్బతింటుంది. ల్యాప్‌టాప్‌ని ఈథర్నెట్ తీగతో నేరుగా మోడెమ్‌కి తగిలించి, మిగతావన్నీ ఆపి, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, వారాంతంలో ఒకసారి కొలిచి రాసుకోండి. తీగ మీద ప్లాను అంకె వస్తుంటే లైనులో లోపం లేదు, తక్కువైంది మీ వైఫై, లేదా మీ ప్లానే చిన్నది. తీగ మీద కూడా రాకపోతే లోపం వెతకాలి.

వెతకడానికి బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టండి. చాలా కేబుల్ మోడెమ్‌ల స్థితి పేజీ అక్కడ తెరుచుకుంటుంది. అందులో అప్‌స్ట్రీమ్ పవర్ అనే వరస చూడండి. మన సంకేతం కంపెనీ వైపు చేరడానికి మోడెమ్ ఎంత గట్టిగా అరవాల్సి వస్తోందో చెప్పే అంకె అది. 35 నుంచి 49 డీబీఎంవీ (సంకేత బలాన్ని కొలిచే కొలత) మధ్య ఉంటే సుఖంగా పాడుతున్నట్టు. 50 దాటిందంటే గొంతు చించుకుంటోంది. దారిలో ఎక్కడో సంకేతం కారిపోతోందన్నమాట.

మా మోడెమ్‌లో ఆ అంకె 53 ఉంది. నేను ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకుని కంపెనీకి ఫోన్ చేశాను. "నెట్ స్లోగా ఉంది" అని చెప్పిన మూడు సార్లూ రీస్టార్ట్ చేయమన్నారు. "అప్‌స్ట్రీమ్ పవర్ 53 ఉంది, తీగ మీద 4 వస్తోంది" అని చెప్పిన నాలుగోసారి మనిషిని పంపారు. ఆయన గోడకి బయట ఉన్న బూడిద రంగు డబ్బా తెరిచాడు. లోపల ముందున్న ఇంటివాళ్ల టీవీల కోసం పెట్టిన నాలుగు దారుల స్ప్లిటర్ ఒకటి. దానికి మూడు దారుల్లో ఏమీ తగిలించి లేదు. కనెక్టర్ విప్పితే మధ్యలో ఉండే రాగి సూది పచ్చగా చిలుం పట్టి ఉంది. సంకేతం రెండుగా చీలిన ప్రతిసారీ మూడున్నర డీబీ, అంటే సగానికి పైగా బలం పోతుందని, నాలుగు దారులదైతే దానికి రెండింతలని చెప్పాడు. స్ప్లిటర్ తీసేసి, కొత్త కనెక్టర్ బిగించి, నేరుగా మోడెమ్‌కి కలిపాడు. ఇరవై నిమిషాల పని. పవర్ 44కి దిగింది, అప్‌లోడ్ 11.5కి ఎక్కింది. 10 ప్లానుకి అది నిండుగా వచ్చినట్టే.

ఆ తర్వాత రౌటర్‌లో ఈ వరసని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉందేమో చూడండి. ఈరో లాంటి కొన్ని రౌటర్లలో అది వీడియో కాల్స్, గేమింగ్ కోసం అనే మీటగా కనిపిస్తుంది. అప్‌లోడ్ పరిమితిని వచ్చే వేగంలో 85 నుంచి 90 శాతానికి పెడితే వరస మోడెమ్‌లో కాక రౌటర్‌లోనే ఏర్పడుతుంది, రౌటర్ అందులో మాటని ముందు పంపి ఫోటోలని వెనక నిలబెడుతుంది. పదిలో ఒకటి పోగొట్టుకుంటాం, కానీ మాట తెగదు. ఫోటో బ్యాకప్‌ని పగలు ఆపి రాత్రి నడిపించడం కూడా ఇంతే ఉపకారం చేస్తుంది. డాక్సిస్ 3.0 మోడెమ్ ఇంకా వాడుతుంటే 3.1కి మారండి. ఈ వరసని అదుపులో పెట్టే ఏర్పాటు 3.1లో ప్రమాణంలోనే ఉంది.

ఇది ఎవరికి సరిపోతుంది? ఇంట్లో ఒకరో ఇద్దరో వీడియో కాల్స్ చేసుకునే ఇంటికి. ఇద్దరు ఒకేసారి పెద్ద ఫైళ్లు పంపాలన్నా, లైవ్ పెట్టాలన్నా 10 పదే.

## రెండో దారి: అదే కేబుల్ కంపెనీలో ఎక్కువ అప్‌లోడ్

ఇక్కడ ముందు ఒక విషయం కనుక్కోవాలి: మీ వీధిలో తీగ పాత పద్ధతిలోనే నడుస్తోందా, కొత్తగా మార్చారా. 5–42కి బదులు పోయే దారిని 85 మెగాహెర్ట్జ్ దాకా పెంచితే మిడ్-స్ప్లిట్, 204 దాకా పెంచితే హై-స్ప్లిట్ అంటారు. తీగ అదే, విభజన మారుతుంది. కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ 2022 నుంచి మిడ్-స్ప్లిట్ వేస్తూ వచ్చింది. అలా మారిన చోట్ల అప్‌లోడ్ 100, 200 దాకా వెళ్లింది. 2023లో కొలరాడో స్ప్రింగ్స్, అట్లాంటా, ఫిలడెల్ఫియాలలో కొన్ని చోట్ల డాక్సిస్ 4.0తో రెండు వైపులా ఒకే వేగం మొదలుపెట్టింది. స్పెక్ట్రమ్ అనే ఇంకో కేబుల్ కంపెనీ హై-స్ప్లిట్ దారిలో ఒక్కో ఊరూ మారుస్తూ పోతోంది.

మీ వీధి మారి ఉంటే ఇది మంచి బేరం. గోడలు తవ్వక్కర్లేదు, కొత్త తీగ అక్కర్లేదు. కానీ రెండు మెలికలున్నాయి. సొంత మోడెమ్ అయితే అది కొత్త విభజనకి సరిపోయేదై ఉండాలి, కంపెనీ ఆమోదించిన జాబితాలో ఉండాలి. డబ్బా మీద 3.1 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. రెండోది, టీవీ బొమ్మ బాగా రావాలని ఇంట్లో పెట్టిన పాత యాంప్లిఫయర్. అలాంటివి చాలావరకు తిరుగుదారిలో 42 మెగాహెర్ట్జ్ దాకానే వదులుతాయి. అది మధ్యలో ఉంటే కంపెనీ ఎంత పెంచినా మీ ఇంట్లో పెరగదు.

వీధి మారకపోతే పై ప్లానుకి వెళ్లి లాభం కొంచెమే. 300 నుంచి గిగాబిట్‌కి పోతే డౌన్‌లోడ్ మూడింతలవుతుంది, అప్‌లోడ్ 10 నుంచి 35 అవుతుంది. మీకు కావలసింది ఆ 35 అయితే సరే. కాకపోతే అక్కర్లేని డౌన్‌లోడ్‌కి డబ్బు కడుతున్నట్టే. బిజినెస్ ప్లాను అంటగట్టబోతే కూడా ఆగండి. మరమ్మతుకి మనిషి త్వరగా వస్తాడేమో గానీ తీగా నోడూ అవే కాబట్టి అప్‌లోడ్‌లో పెద్ద తేడా ఉండదు.

## మూడో దారి: ఇంటిదాకా ఫైబర్

మీ గుమ్మం దాకా అసలైన ఫైబర్ వచ్చి ఉంటే, ధర దరిదాపుల్లో ఉంటే, నా సలహా ఒక్కటే: తీసుకోండి. ఏటీ అండ్ టీ ఫైబర్, వెరైజాన్ ఫియోస్ లాంటి వాటిలో 300 ప్లాను అంటే రావడం 300, పోవడం 300 చుట్టూ. ఫియోస్ మొట్టమొదట మొదలైంది మా డాలస్ పక్కన కెల్లర్ ఊళ్లోనే. మొదట్లో దాంట్లోనూ అప్‌లోడ్ తక్కువే ఉండేది. 2014లో వెరైజాన్ రెండు వైపులా సమానం చేసింది. ఫైబర్‌ని కూడా ఇళ్లు పంచుకుంటాయి. కానీ పాతదైన జీపాన్ పద్ధతిలోనే పోయే దారి మొత్తం 1.2 గిగాబిట్లు, కొత్త ఎక్స్‌జీఎస్-పాన్‌లో 10 గిగాబిట్లు. కేబుల్ వీధి మొత్తానికి ఉన్న 100 పక్కన పెట్టి చూసుకోండి. ఇది వెలుగుతో నడిచే గాజు తీగ కాబట్టి పక్కింటి వదులు కనెక్టర్ రొద దీన్ని అంటదు.

తక్కువ ధర ఫైబర్ ప్లాను చాలు. గిగాబిట్ కేబుల్ నుంచి వచ్చేవాళ్లు గిగాబిట్ ఫైబరే కావాలనుకుంటారు. అప్‌లోడ్ కోసమే మారుతుంటే 300 ఫైబర్ మీకు ఎనిమిది, పదింతలు ఎక్కువ ఇస్తుంది, బిల్లు తగ్గుతుంది కూడా.

జాగ్రత్త ఒకటి. "ఫైబర్ శక్తితో" అని కేబుల్ కంపెనీలు కూడా ప్రకటనలు ఇస్తాయి. వీధి చివరి దాకా ఫైబరే, అబద్ధం కాదు. ఇంట్లోకి వచ్చే తీగ ఏదని అడగండి. మధ్యలో రాగి సూదితో, మరలాగా తిప్పి బిగించే గుండ్రటి కనెక్టర్ అయితే అది కేబులే. ఫైబర్ తీగ సన్నగా ఉంటుంది, చివర చతురస్రంగా, చాలావరకు ఆకుపచ్చ రంగు ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, ఓఎన్‌టీ అనే డబ్బాలోకి వెళుతుంది. ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో మీ చిరునామా కొడితే ఏ కంపెనీ ఏ రకం తీగతో, ఎంత అప్‌లోడ్ ఇస్తానందో వరసగా కనిపిస్తుంది. ఇల్లు కొనేవాళ్లు, అద్దెకి చూసేవాళ్లు బడి రేటింగులతో పాటు ఇది కూడా చూసుకోవడం మంచిది.

ఇబ్బందులూ ఉన్నాయి. ముంగిట్లో తవ్వాలి, గోడకి కన్నం పెట్టాలి, ఒక పూట ఇంట్లో ఎవరో ఉండాలి. అద్దె ఇంట్లో యజమాని ఒప్పుకోవాలి. అపార్ట్‌మెంట్లలో ఒకే కంపెనీ తీగ లోపల వేసి ఉంటే నియమాలు ఏమన్నా ఆచరణలో రెండో కంపెనీ రావడం కష్టమే.

## నాలుగో దారి: 5జీ హోమ్ ఇంటర్నెట్

మా చెల్లి ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. అక్కడ కేబుల్ తప్ప ఇంకో తీగ లేదు. టవర్ నుంచి గాలిలో వచ్చే 5జీ డబ్బా తెప్పించుకుంది. మొదటి రోజు టీవీ పక్కన పెడితే అప్‌లోడ్ 9 వచ్చింది, "అక్కా, దీనికంటే పాతదే నయం" అంది. డబ్బా పట్టుకుని గది గదికీ తిరుగుతూ కొలవమన్నాను. వంటింటి కిటికీలో, తులసి కుండీ పక్కన 38 వచ్చింది. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

5జీ గురించి చెప్పాల్సిందంతా ఆ కిటికీలో ఉంది. టీ-మొబైల్ 2021లో దీన్ని దేశమంతా అమ్మడం మొదలుపెట్టింది, వెరైజాన్ కూడా ఇస్తోంది. ఒప్పందం లేదు, మనిషి రానక్కర్లేదు, ఊరు మారితే మానేయడం తేలిక. కానీ వేగం మీ కిటికీ, మీ టవర్, ఆ టవర్ మీదున్న జనం కలిసి నిర్ణయిస్తాయి. టవర్ కిటకిటలాడినప్పుడు ఫోన్లకి ముందు, ఇంటి డబ్బాలకి తర్వాత ఇచ్చే పద్ధతి చాలా ప్లాన్లలో ఉంది. సగటు వేగం బాగున్నా ఆలస్యం ఎగుడుదిగుడుగా ఉంటుంది. మామూలు మీటింగులో అది తెలియదు, తాళం పట్టుకుని పాడించే క్లాసులో తెలుస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే కొన్ని పాత తరహా వీపీఎన్‌లు దీని మీద మొరాయిస్తాయి. అందుకే కేబుల్ రద్దు చేయకుండా రెండు వారాలు రెండూ ఉంచి, ఆఫీసు పని దీని మీద చేసి చూడండి.

## శాటిలైట్

తీగా టవరూ రెండూ లేని పల్లెపట్టు ఇళ్లకి స్టార్‌లింక్ నిజంగా వరం. నగర శివార్లలో కేబుల్ అప్‌లోడ్ చాలట్లేదని దానికి మారితే పరికరం ఖర్చుకి తగ్గ లాభం కనపడదు.

## అన్నీ ఒక చోట

| | కేబుల్, పాత విభజన | కేబుల్, కొత్త విభజన | ఫైబర్ | 5జీ హోమ్ |
|---|---|---|---|---|
| మామూలు అప్‌లోడ్ | 10–35 | 100, ఆపైన | డౌన్‌లోడ్‌తో సమానం | ఇంటింటికీ మారుతుంది |
| రాత్రి పూట నిలకడ | వీధిని బట్టి | మెరుగు | చాలా బాగు | టవర్‌ని బట్టి |
| నిండినప్పుడు ఆలస్యం | ఎక్కువ, ఎస్‌క్యూఎంతో తగ్గుతుంది | తక్కువ | చాలా తక్కువ | ఎగుడుదిగుడు |
| పెట్టించుకునే శ్రమ | ఉన్నదే | మోడెమ్ మార్పు | తవ్వకం, అనుమతి | ప్లగ్గు పెడితే చాలు |
| పబ్లిక్ ఐపీ | మామూలుగా ఉంటుంది | మామూలుగా ఉంటుంది | మామూలుగా ఉంటుంది | చాలావరకు ఉండదు |
| ఊరు మారేవాళ్లకి | ఫరవాలేదు | ఫరవాలేదు | ఒప్పందం చూసుకోవాలి | అన్నిటికంటే తేలిక |

## ఎవరి ఇంటికి ఏది

నలుగురు విద్యార్థులు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటే సెమిస్టరుకి తగ్గట్టు మానేయగలిగేది ముఖ్యం. 5జీ కిటికీ పరీక్షలో 20 దాటితే అదే. లేదంటే నలుగురూ పంచుకుని గిగాబిట్ కేబుల్ తీసుకోండి. ఆ 35 నలుగురి వీడియో క్లాసులకి చాలుతుంది.

భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం చేసే ఇంట్లో ఫైబర్ ఉంటే రెండో ఆలోచన వద్దు. లేకపోతే కేబుల్‌ని బాగుచేయించి, ఎస్‌క్యూఎం పెట్టి, తెగిపోయినప్పుడు ఆదుకోవడానికి చవక 5జీ ప్లాను పక్కన ఉంచుకోండి. రాత్రి పదిన్నరకి ఇండియా టీముతో మాట్లాడుతుండగా లైను పోతే పడే ఆందోళన ముందు ఆ రెండో బిల్లు నాకు ఎక్కువనిపించదు.

నాలాగా సంగీతం, నాట్యం నేర్పేవాళ్లకి, ఆన్‌లైన్‌లో వ్రతాలు చేయించే పురోహితులకి వేగం కంటే నిలకడ ముఖ్యం. 10 ఎంబీపీఎస్ కూడా, వరస అదుపులో ఉంటే, ఒక క్లాసుకి చాలు. నేను ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చాను. యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లు, పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు మాత్రం ఫైబర్ గానీ కొత్త విభజన కేబుల్ గానీ ఉన్న ఇంటికే మారడం మేలు. పై పట్టికలో రెండు గంటల గడికీ నాలుగున్నర నిమిషాల గడికీ ఉన్న తేడా వాళ్లకి రోజూ ఎదురయ్యేదే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రోజంతా తెలుగు చానళ్లు చూస్తారని పెద్ద ప్లానుకి మారాలనుకునేవాళ్లకి ఒక మాట. అది మొత్తం డౌన్‌లోడ్. ఉన్న కేబుల్ చాలు, ఏమీ మార్చకండి.

## మారాలని నిర్ణయించుకున్నాక

కొత్త లైను వచ్చిన రోజే పాతది తీసేయించకండి. రెండు వారాలు రెండూ ఉంచండి. మా వీధికి ఫైబర్ వచ్చి పెట్టించుకున్న మూడో రోజున తోటలో స్ప్రింక్లర్ పని చేసేవాళ్ల పారకి ఆ సన్నటి తీగ తెగింది. బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. పాత కేబుల్ ఇంకా ఉంది కాబట్టి శనివారం క్లాసు ఆగలేదు.

రద్దు చేయడానికి ఫోన్ చేసినప్పుడు కేబుల్ కంపెనీ తక్కువ ధర చూపిస్తుంది. అప్‌లోడ్ ఎంత ఇస్తారని మాత్రమే అడగండి. లేబుల్‌లో ఉన్న అంకె తప్ప వేరే మాట లెక్కలోకి తీసుకోకండి. అద్దె మోడెమ్‌ని, దాని కరెంటు తీగతో సహా, స్వయంగా వాళ్ల స్టోరుకి తీసుకెళ్లి ఇచ్చి, సీరియల్ నంబరు ఉన్న రసీదు తీసుకుని కనీసం ఆరు నెలలు దాచండి. ఇవ్వలేదంటూ నాలుగు నెలల తర్వాత బిల్లు వస్తే చూపించాల్సింది ఆ కాగితమే.